జోలె పట్టీ

1897 అక్టోబరు ఒకటి, బుధవారం, మరియమాతకి చేసే పొక్రోవా పండుగ. ఆ మధ్యాహ్నం నిచీపిర్ తిన్నది ఎండుచేప వేసిన బీట్‌రూట్ పులుసు, గుమ్మడికాయ ముక్కలతో ఉడికిన కొర్రన్నం. పండుగని పక్కింటి పలాష్క పంపింది. చేప వేసి పంపినప్పుడల్లా ఆవిడ ముళ్లన్నీ ఏరి పంపేది. ఏరానని ఎన్నడూ చెప్పేది కాదు. నిచీపిర్ కూడా తెలిసినట్టు ఎన్నడూ అనలేదు.

గిన్నె ఖాళీ కాకముందే గుమ్మం బయట ఎవరో, చక్రం తిప్పి వాయించే తీగవాద్యం లీరాని ఒక్క చుట్టు తిప్పి ఆపేశారు. లోపలికి రావచ్చా అని, లీరా వాయించి బతికే గుడ్డివాళ్లు అడిగే తీరు అది. తలుపు తట్టడం చూపున్నవాళ్ల అలవాటు.

రమ్మన్నాడు నిచీపిర్. అని, చెంచా గిన్నెలోనే ఆపి, చెవి గుమ్మం వైపు పెట్టి కూర్చున్నాడు. ఆ ఇంటి ద్వారబంధం పొట్టిది. మొదటిసారి వచ్చిన లీరావాడెవడైనా దానికి నుదురు కొట్టుకుని, ఒక బూతుమాట అనుకుని, శిలువ గీసుకుని లోపలికి రావడం ఆనవాయితీ. ఇరవై ఏళ్లుగా ఆ చప్పుడే ఆ ఇంటి మర్యాద.

ఈసారి చప్పుడు వినబడలేదు. వచ్చినవాడు శుభ్రంగా తల వంచుకుని లోపలికి వచ్చేశాడు.

అతని పేరు లావ్రిన్. వెంట నడిపించుకొచ్చింది భార్య మోత్ర్య. మూడేళ్ల కిందట సున్నపు బట్టీలో పనిచేస్తుంటే రెండు కళ్లలోనూ పొడిసున్నం పడి చూపు పోయిందట. తర్వాత నది అవతల ఉండే ముసలి ప్రోకిప్ దగ్గర చేరి లీరా నేర్చుకున్నాడట. శిష్యుణ్ణి సంఘం ముందు నిలబెట్టకుండానే ప్రోకిప్ ఈ వసంతంలో పోయాడు. ఆదివారం పెద్దలు నిచీపిర్ ఇంట్లో కూడుతున్నారని విని వచ్చారు. దయచేసి ఆ రోజు తననీ పరీక్షించమని లావ్రిన్ అడిగాడు.

పొల్తావా వైపు లీరావాళ్ల సంఘంలో చూపులేనివాళ్లకే చోటు. నేర్చుకున్నవాడు పెద్దల ముందు వాయించి, సంఘం ప్రార్థనలు సంఘం వాళ్లకే తెలిసిన మాటల్లో అప్పజెప్పి, రొట్టె పంచి మొక్కితే, సంఘం పెద్ద అతని భుజాన జోలె తగిలిస్తాడు. ఆ జోలె ఉన్నవాడే సంతలోనైనా చర్చి వాకిట్లోనైనా కూర్చుని పాడాలి. సంఘం ఇవ్వని జోలె వేసుకుని ఎవడైనా కూర్చుంటే దాని పట్టీ కోసి, లీరా తీగలు తెంపి పంపిస్తారు. ఆ తర్వాత ఏ సంతలోనూ వాడికి అడుగు నేల దొరకదు. శిష్యుడు మొక్కేటప్పుడు గురువు అతని ఎడమ పక్కన కూర్చుని పూచీ పడాలి. వాడు దొంగ గుడ్డివాడని ఎప్పటికి తేలినా గురువు జోలె పట్టీ కూడా తెగుతుంది. లావ్రిన్‌కి ఎడమ పక్కన కూర్చునేవాడు లేడు.

సంఘం పెద్ద నిచీపిర్. పట్టీ కోసే కత్తి ఉండేది అతని ఇంట్లోనే.

ప్రోకిప్ బతికుంటే ఇంత ఆలోచన ఉండేది కాదు. కాని రెండేళ్ల కిందట ఓవెర్కో అనే ఒకడు ఇలాగే వచ్చాడు. కనురెప్పల మీద మచ్చలున్నాయి, తడిమి చూస్తే నిజమైనవే. ఊరి పాదిరీ కూడా పాపం గుడ్డివాడేనన్నాడు. సంఘం నమ్మి జోలె ఇచ్చింది. ఆ మరుసటి ఏడే, సర్కారు ఒప్పుకోని కూటాల కోసం లీరావాళ్లు చీకటిపడ్డాక ఏ కొట్టంలో కలుసుకుంటారో పోలీసులకు తెలిసిపోయింది. సంతలో దొరికినవాళ్లను దొరికినట్టు కొట్టారు. నిచీపిర్ స్నేహితుడు సావ్కా లీరాని బూటు కింద వేసి తొక్కారు. ఓవెర్కో మాత్రం దెబ్బ తగలకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, కంచె దూకి పోయాడు. దూకడం విన్నవాళ్లున్నారు. అప్పటి నుంచి చూపున్నవాళ్ల సాక్ష్యం చెల్లదని సంఘం కట్టడి చేసుకుంది. మచ్చలు చెల్లవు, పాదిరీ మాట చెల్లదు. పెళ్లాం మాట అసలే చెల్లదు.

నిచీపిర్ ఆ దంపతులకు నడవ అవతలి కొట్టుగది ఇచ్చాడు. గడ్డి పరిచాడు, దుప్పటి ఇచ్చాడు. అతిథికి తక్కువ చేయడం అతనికి చేతకాదు. కాని ఆ పూట నుంచి చెవులు మాత్రం ఆ గది మీదే ఉంచాడు.

*

మొదట అనుమానం వచ్చింది గొంతు దగ్గర. లావ్రిన్ మాట్లాడితే మాట సూటిగా వచ్చి మొహానికి తగిలేది. పసితనంలోనే మశూచితో చూపు పోయినవాళ్లు అలా మాట్లాడరు. వాళ్లు అవతలివాడికి మొహం ఇవ్వరు, చెవి ఇస్తారు. అందుకని వాళ్ల మాట కొంచెం పక్కగా, భుజం మీదుగా పోతుంది. సంఘంలో ఉన్నవాళ్లందరూ అలా చిన్నప్పుడే చూపు పోయినవాళ్లు. నిచీపిర్‌కి తల్లి మొహం కూడా జ్ఞాపకం లేదు. ఎదుటివాడి మొహంలోకి మొహం పెట్టి మాట్లాడేవాళ్లంటే అతనికి తెలిసింది పాదిరీ, పోలీసు, పలాష్క.

రెండోది వాద్యం. గురువారం పొద్దున నిచీపిర్ అతని లీరా ఒకసారి ఇమ్మని అడిగి ఒళ్లో పెట్టుకున్నాడు. మంచి లీరా, ప్రోకిప్‌దే. చక్రానికి గుగ్గిలం సరిపడా పట్టించి ఉంది. చక్రం రాసుకునే చోట తీగకి చుట్టిన దూదిని వేలికొనతో తడిమి చూశాడు. లీరా మంచిదా కాదా అన్నది సగం ఆ దూదిలోనే ఉంటుంది. ఎక్కువైతే పాట బొంగురుపోతుంది, తక్కువైతే పిల్లి అరిచినట్టు అరుస్తుంది. లావ్రిన్ చుట్టిన దూది పోగు మీద పోగు పడకుండా, ఎక్కడా లావెక్కకుండా ఉంది. నేర్చుకుని మూడేళ్లు కూడా కాని వేళ్లకి ఇంత కుదురెక్కడిదని నిచీపిర్ అనుకున్నాడు. కళ్లు సాయం చేస్తే తప్ప.

పైకి మాత్రం బాగా చుట్టావన్నాడు. లావ్రిన్ సంతోషపడ్డాడు. ఆ సంతోషం కూడా నిచీపిర్‌కి నచ్చలేదు.

శుక్రవారం నుంచి సన్నగా వాన పట్టుకుంది. శనివారం పొద్దున సావ్కా వచ్చాడు. వస్తూనే ద్వారబంధానికి నుదురు కొట్టుకున్నాడు. నలభై ఏళ్ల స్నేహితుడు, ఇరవై ఏళ్లుగా ఈ ఇంటికి వస్తున్నవాడు, అయినా ఆ దెబ్బ మానుకోలేదు. తడి కోటు పొయ్యి మీద ఆరేసి, దాని పక్కనున్న అరుగెక్కి కాళ్లు చాచుకుని, కొత్తవాడి సంగతేమిటని అడిగాడు. నిచీపిర్ గొంతు తగ్గించి అన్నీ చెప్పాడు.

"వీడూ పాలు తాగే పిల్లేనంటావా," అన్నాడు సావ్కా. "కళ్లు మూసుకున్నాను, నన్నెవరూ చూడరనుకుంటున్నాడు. ఎవరి దగ్గర, మన దగ్గర."

"నేనింకా ఏమీ అనలేదు."

"అనక్కర్లేదు. నీ గొంతు బిగిసినప్పుడు నాకు తెలీదా? నా లీరాని తొక్కిన బూటు చప్పుడు ఇంకా చెవిలోనే ఉందిరా నిచీపిరూ. ఇంకొకణ్ణి మనలోకి రానిస్తే రేపు నన్నే తొక్కుతారు."

చిన్న పరీక్ష ఒకటి పెడదామన్నాడు సావ్కా. మధ్యాహ్నం మోత్ర్య బావి దగ్గరికి వెళ్లింది కదా అని, నిచీపిర్ మూడుకాళ్ల పీటని నడవ మధ్యలో, కొట్టుగది గుమ్మానికి ఎదురుగా పెట్టి వచ్చాడు. పెట్టేటప్పుడు అతనికి తన మీద తనకే కొంచెం రోత పుట్టింది. చూపులేనివాడి దారిలో పీట పెట్టడం వాళ్లలో కుక్క కూడా చేయని పని. అయినా పెట్టాడు. పెట్టి, ఇద్దరూ పొయ్యి దగ్గర ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు.

కొంతసేపటికి కొట్టుగది తలుపు తెరుచుకుంది. లావ్రిన్ అడుగులు నడవలోకి వచ్చి, తడబడకుండా, ఆగకుండా పెరట్లోకి వెళ్లిపోయాయి. మళ్లీ అలాగే తిరిగి వచ్చాయి.

సావ్కా నిచీపిర్ మోకాలి మీద రెండుసార్లు తట్టాడు.

*

సాయంత్రం నలుగురూ కలిసి ఉడికిన బంగాళాదుంపలు, ఉల్లిపాయలు పొద్దుతిరుగుడు నూనెలో ముంచుకుని తిన్నారు. సావ్కాకి కడుపు నిండితే పాత కథలు వస్తాయి. మా గురువుగారి గురువు చెప్పేవాడు అంటూ మొదలుపెట్టాడు. వెనకటికి దూరదేశాల్లో లీరా మనిషంత పొడుగుండేదట. చర్చి లోపల ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒళ్లో పెట్టుకుంటే, ఒకడు చక్రం తిప్పేవాడట, రెండోవాడు మీటలు లాగేవాడట. తర్వాత ఆర్గన్ వచ్చి దాన్ని చర్చిలోంచి బయటికి నెట్టింది. దొరలు చేరదీశారు. దంతం పొదిగారు, పిడికి వెండి చుట్టారు, దొరసానులు ఒళ్లో పెట్టుకుని ముద్దులాడారు. వాళ్లకీ మొహం మొత్తింది. దొరల మేడ మెట్లు ఒక్కొక్కటే దిగి దిగి చివరికి దుమ్ములో కూర్చున్న గుడ్డివాళ్ల ఒళ్లో పడింది.

"మన దగ్గరి నుంచి ఎక్కడికీ పోలేదు," అన్నాడు సావ్కా. "ఇంతకన్నా కిందికి మెట్లు లేవు మరి."

లావ్రిన్ హాయిగా నవ్వాడు. "ఇద్దరు కావాలంటే మా ఇంట్లో తిప్పేపని మోత్ర్యదే అయ్యేది. ఇప్పుడు నన్ను తిప్పుతున్నట్టే," అన్నాడు. మోత్ర్య అతని చేతిమీద చిన్నగా కొట్టిన చప్పుడైంది. నవ్వు తగ్గాక లావ్రిన్, ఆ వెండి పిడి లీరాని ఒక్కసారి చూడాలనుంది అన్నాడు.

నిచీపిర్ నములుతున్న ఉల్లిపాయ నోట్లోనే ఆగింది. చూడాలనుందట. ముట్టుకోవాలని కాదు, వినాలని కాదు. సావ్కా కూడా ఆ మాట పట్టుకున్నాడు. ఎందుకంటే ఆ తర్వాత కథ ముందుకు సాగలేదు.

భోజనమయ్యాక చర్చి గంట మోగింది. ప్రోకిప్ ఆత్మ కోసం ఒక కొవ్వొత్తి వెలిగించి వస్తానని మోత్ర్య పలాష్కతో కలిసి వెళ్లింది. లావ్రిన్ రేపటి కోసం దూది మార్చుకుంటానని కొట్టుగదిలోకి వెళ్లాడు. పొయ్యి దగ్గర ముసలివాళ్లిద్దరూ మిగిలారు. వాన చినుకులు చూరు నుంచి పడుతున్నాయి.

అప్పుడు వినబడింది. నడవ అవతల, అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

ఒకటే పుల్ల. ఆ వెంటనే గాజు చిమ్నీ దీపం మీద కూర్చున్న చప్పుడు. కాసేపటికి కిరసనాయిలు వాసన తలుపు సందుల్లోంచి నడవ దాటి వచ్చింది. గదిలో అతను తప్ప ఎవరూ లేరు. మోత్ర్య చర్చిలో ఉంది. చూపులేనివాడు, ఒంటరిగా కూర్చుని, దూది చుట్టుకోవడానికి దీపం వెలిగించుకున్నాడు.

"విన్నావా," అన్నాడు సావ్కా మెల్లగా.

"విన్నాను."

"ఇంక రేపు ప్రార్థనలూ అక్కర్లేదు, రొట్టే అక్కర్లేదు."

నిచీపిర్ లేచి మూలనున్న చెక్క పెట్టె తెరిచి కత్తి తీశాడు. ఓవెర్కో పారిపోయాక దాని అవసరం రాలేదు. అంచు మొద్దుబారి ఉంది. పొయ్యి పక్కన కూర్చుని సానరాయి మీద నూరాడు. పట్టీ ఒక్క కోతకి తెగాలి, పెనుగులాట ఉండకూడదు, అవతలివాడి చెయ్యి తెగకూడదు. నూరుతున్నంతసేపూ అతనికి కోపం రావాల్సినంత రాలేదు. మోత్ర్య మాటిమాటికీ జ్ఞాపకం వచ్చింది. పొద్దున ఆమె నిచీపిర్ చెంచాని వేడినీళ్లలో ముంచి తుడిచి చేతికిచ్చింది. అలా ఇవ్వమని ఎవరూ చెప్పలేదు. చలికాలం వస్తోంది. పాట లేకపోతే ఆ ఇద్దరూ ఎక్కడ తింటారు? కాని దొంగవాడు తిండికోసం దొంగైనా, వాడి వెనక పోలీసు రావడం మానడు కదా.

కత్తి అంచు బొటనవేలితో చూసుకుని కోటు చేతిలోకి దోపుకున్నాడు. అది రేపటి పని. కాని వాడి నోటితోనే ఒక మాట విని, తర్వాతే నిద్రపోవాలనిపించింది.

"నేను వెళ్లి అడుగుతా," అన్నాడు.

"అడిగితే ఏం చెప్తాడు? అబద్ధం చెప్తాడు."

"అబద్ధమైనా విందాం."

*

నడవ దాటి కొట్టుగది తలుపు నెట్టాడు నిచీపిర్. గడప మీదే ఆగిపోయాడు.

వాసన మారింది. కిరసనాయిలు మండే వాసన కాదు అది. కాలి, చల్లారి, నల్లబడిన వత్తి వాసన. చేదుగా, తడిగుడ్డ కమురులా ఉండే వాసన. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ముక్కుతో బతికినవాడికి ఆ రెండిటికీ తేడా తెలియకపోదు. దీపం ఆరి కొంతసేపయింది. నూనె అయిపోయినట్టుంది.

"ఎవరు, తాతా? రండి," అన్నాడు లావ్రిన్. మాట ఎప్పటిలాగే సూటిగా వచ్చి తగిలింది. "ఇటు పక్క గోడ మీద చెయ్యి వేసుకుని రండి. బల్ల మీద దీపం ఉంది, వెలుగుతోంది. చెయ్యి తగిలితే కాలుతుంది."

నిచీపిర్ ఒక అడుగు వేసి బల్ల దగ్గరికి చెయ్యి చాపాడు. చిమ్నీ దొరికింది. చల్లగా ఉంది. వేళ్లు దాని మీదే ఉంచి నిలబడ్డాడు.

లావ్రిన్ పని ఆపలేదు. ఒళ్లో లీరా పెట్టుకుని దూది పోగుని తీగకి చుడుతున్నాడు. పోగు తెగినప్పుడల్లా చేసే చిన్న చప్పుడు, వేలితో సర్దిన చప్పుడు, తర్వాత చక్రాన్ని ఒక్క రవ్వ తిప్పి చూసుకున్న చప్పుడు వినబడుతున్నాయి. తొందర లేదు, తడబాటు లేదు.

"నీకెందుకురా దీపం?" అన్నాడు నిచీపిర్. అనుకున్నంత గట్టిగా రాలేదు ఆ మాట.

చేతులు ఆగాయి. లావ్రిన్ కొంచెం సిగ్గుగా చెప్పాడు. చిన్నప్పటి నుంచి చీకటిపడితే దీపం పెట్టడం వాళ్లింట్లో తన పనేనట. చూపు పోయాక మొదటి చలికాలం దీపం పెట్టకుండా కూర్చున్నాడట. ఇక పొద్దు తెల్లారిందో లేదో, రోజు అయిందో లేదో తెలియక పిచ్చెక్కినట్టయిందట. ఒక పూట మోత్ర్య అగ్గిపెట్టె చేతిలో పెట్టి, నువ్వే వెలిగించు అందట. వెలిగించాక రోజు ముగిసినట్టనిపించి నిద్రపట్టిందట. నూనె దండగని తెలుసునట. మోత్ర్య ఎప్పుడూ ఏమీ అనదట.

"ప్రోకిప్ తాత తిట్టేవాడు," అన్నాడు. "గుడ్డివాడివి కావడం కూడా నేర్చుకోవాలిరా, అది లీరా కంటే కష్టం అనేవాడు. నాకింకా రాలేదు తాతా. మూడేళ్లయినా, ఎవరైనా పిలిస్తే మెడ తిరుగుతుంది. తిరిగాక గుర్తొస్తుంది."

నిచీపిర్‌లోని అనుమానం అంత తేలిగ్గా దిగే రకం కాదు. కథలు ఓవెర్కో కూడా చెప్పాడు, ఇంతకంటే బాగా చెప్పాడు. ఇదంతా నాటకమైతే? దీపం ఆరిందని తెలిసి, నేను వస్తానని తెలిసి ఆడుతున్నదైతే? చెయ్యి చిమ్నీ మీదే ఉంచి అతను అలాగే కాచుకున్నాడు.

"ఇంక తగ్గిస్తా," అన్నాడు లావ్రిన్. "పని అయిపోయింది. చెయ్యి బల్ల మీద ఉంటే కాస్త పక్కకి తియ్యండి తాతా, గాజు వేడిగా ఉంటుంది."

నిచీపిర్ చెయ్యి తీశాడు. లావ్రిన్ వేళ్లు బల్ల అంచు పట్టుకుని వచ్చి, చిమ్నీని తాకకుండా జాగ్రత్తగా చుట్టూ తిరిగి, వత్తి తిప్పే మరని వెతికి పట్టుకున్నాయి. కొద్దికొద్దిగా దాన్ని కిందికి తిప్పాడు. తర్వాత అరచెయ్యి చిమ్నీ వెనక అడ్డుపెట్టుకుని, పై నుంచి ఉఫ్‌మని ఊదాడు. ఒకసారి ఊది, చాలలేదేమోనని రెండోసారి ఊదాడు.

ఊదాక ఏ పొగా రాలేదు. కొత్త వాసన ఏదీ పుట్టలేదు. అతను ఊదింది చల్లారిపోయిన గాజులోకి.

నిచీపిర్ గడ్డి మీద కూలబడ్డాడు. ఏమైంది తాతా అని లావ్రిన్ కంగారుపడ్డాడు. ముసలితనం, ఏమీ లేదు అన్నాడు నిచీపిర్. కోటు చేతిలోని కత్తి మోచేతికి ఒత్తుకుంది. దాన్ని సర్దుకున్నాడు. చూపున్నవాడెవడూ ఆరిన దీపాన్ని అంత భయభక్తులతో ఆర్పడు. వీడికి కళ్లు పోయాయి. వాటి బదులు రావాల్సిన ముక్కూ, చెవీ, చర్మమూ ఇంకా రాలేదు. రెంటికీ చెడి మధ్యలో ఉన్నాడు. తమలో ఎవరూ ఎన్నడూ ఆ మధ్యలో నిలబడలేదు. అందుకే ఎవరికీ అర్థం కాలేదు.

దీపం సంగతి చెప్పాలనిపించింది. చెప్పలేదు. రేపు వాడు పెద్దల ముందు మొక్కాలి. ఈ పూట వాడికి రోజు ముగిసింది, అది ముగిసిపోనీ.

"రేపు నీ ఎడమ పక్కన నేను కూర్చుంటా," అన్నాడు.

లావ్రిన్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వద్దన్నాడు. మీరు సంఘం పెద్ద, నా కోసం మీ జోలె పణం పెట్టొద్దు, నేనెవరో మీకు తెలీదు అన్నాడు.

"తెలీకేం. దూది బాగా చుడతావు," అని నిచీపిర్ లేచాడు.

*

సావ్కా ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. వాడు ఊదింది నువ్వు విన్నావా, ముందే ఆరిందని అంత నమ్మకమేమిటి, ఆ గదికి ఏ సందులోంచో గాలి కొట్టిందేమో అని ఒకటికి పది అడిగాడు. చివరికి గోడ వైపు తిరిగి పడుకుంటూ, మరి పీట సంగతేమిటన్నాడు.

జవాబు మోత్ర్య తెచ్చింది. చర్చి నుంచి వచ్చి నడవలో తడి కాళ్లు తుడుచుకుంటూ, తలుపు దగ్గర నిలబడి ఉన్న నిచీపిర్‌తో గొంతు తగ్గించి మాట్లాడింది.

"పీట నేనే తీశాను తాతా. వట్టికాళ్లతో నీళ్లు తెస్తుంటే నా కాలికే తగిలింది, చప్పుడు కాకుండా పక్కకి పెట్టాను. ఎవరు పెట్టారో కూడా తెలుసు. గుమ్మం దగ్గర ఆయన తల మీద చెయ్యేసి వంచేదీ నేనే. చెల్లదని తెలుసు, అయినా చెప్తున్నా."

ఆ గొంతులో కోపం ఉంటే నిచీపిర్‌కి తేలికగా ఉండేది. లేదు.

"పీట పెట్టకూడనిదమ్మా," అన్నాడు.

"కాలికి తగిలింది నాకే కదా. పర్వాలేదు," అని ఆమె లోపలికి వెళ్లింది.

ఆదివారం చర్చి అయ్యాక పెద్దలు వచ్చారు. అందరిలోకీ మొండివాడు కోర్నీ. సంతలో పోలీసు దెబ్బకి అతని భుజం పోయింది. అప్పటి నుంచి చక్రం ఎడమచేత్తో తిప్పుతున్నాడు. నిచీపిర్ సంఘం పెద్ద చోటు నుంచి లేచి, కత్తిని కోర్నీ చేతిలో పెట్టి, వెళ్లి లావ్రిన్ ఎడమ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. గదిలో గుసగుసలు లేచి ఆగిపోయాయి.

లావ్రిన్ వాయించాడు. మొదటి పాటలో చక్రం కొంచెం తడబడింది, తర్వాత కుదురుకుంది. ప్రార్థనలు తప్పు లేకుండా అప్పజెప్పాడు. అయ్యాక కోర్నీ గొంతు సవరించుకున్నాడు.

"వీడి మాట నా మొహానికి తగులుతోంది. ఓవెర్కో మాటా ఇలాగే తగిలేది. నిచీపిరూ, నీకేం రుజువు దొరికింది?"

"దొరికింది. చెప్పను."

"చెప్పనంటే?"

"వాడి ముందు చెప్పేది కాదు."

పొయ్యి పక్క నుంచి సావ్కా దగ్గాడు. ఏదో అనబోయి, దగ్గుతోనే సరిపెట్టుకున్నాడు. లావ్రిన్ అయోమయంగా ఒకసారి కోర్నీ వైపు, ఒకసారి నిచీపిర్ వైపు తల తిప్పుతున్నాడు. మెడ దగ్గర చొక్కా కాలరు రాసుకుంటున్న చప్పుడు పక్కనున్న నిచీపిర్‌కి తెలుస్తూనే ఉంది. అది కోర్నీకి వినబడకుండా ఉండాలని అతను అనవసరంగా కాళ్లు జరిపాడు.

కోర్నీ చాలాసేపు కత్తిని అరచేతిలో దొర్లించాడు. "నీ పట్టీ మీద నువ్వు ఒట్టేస్తున్నావు. ఈ చెవులు వాణ్ణి ఇంకా నమ్మడం లేదు. వచ్చే సంతలో వాడి పక్కనే కూర్చుంటాను, ఆపై సంతలోనూ కూర్చుంటాను. ఎన్నడైనా కంచె దూకిన చప్పుడైతే ముందు నీ దగ్గరికే వస్తా."

"రా," అన్నాడు నిచీపిర్.

లావ్రిన్ నేలకి వంగి మొక్కాడు. రొట్టె విరిచి పంచాడు. కోర్నీ తన వంతు ముక్క తీసుకున్నాడు గాని వెంటనే తినలేదు. తర్వాత లేచి, కత్తిని పెట్టెలో పెట్టించి, కుడిచెయ్యి పైకి లేవక ఎడమచేత్తోనే జోలెని లావ్రిన్ భుజాన తగిలించాడు. మోత్ర్య నడవలో నిలబడి ఉంది. ఎవరూ లోపలికి రమ్మనలేదు, రావడం ఆచారం కాదు. ఆమె నిట్టూర్పు మాత్రం లోపలిదాకా వచ్చింది.

సాయంత్రానికి వాన హెచ్చింది. దూరం వెళ్లేవాళ్లందరూ ఆ పూటకి అక్కడే ఆగిపోయారు. సావ్కా అరుగు మీద గుర్రు పెట్టాడు. కోర్నీ బెంచీ మీద పడుకున్నాడు. తినని రొట్టె ముక్క నిద్రలో అతని చేతిలోంచి జారి కింద పడితే నిచీపిర్ తీసి, దులిపి, మళ్లీ అతని తల దగ్గర పెట్టాడు. నడవ అవతల మాటలు సద్దుమణిగాయి. వీధి తలుపు ఇంకా ఓరగా ఉంది. చల్లగాలి నేలబారున లోపలికి వస్తోంది. నిచీపిర్ వెళ్లి, కింది మూల నేలకి రాసుకుని చప్పుడు చేయకుండా తలుపుని రెండు చేతులతో కొంచెం పైకెత్తి పట్టుకుని, నిద్రపోతున్నవాళ్లెవరూ లేవకుండా మెల్లగా మూశాడు.